మనవాడే తిట్టినప్పుడు

ట్యాగ్ సాయంత్రం 6 గంటలకు బయటికొస్తుంది. ఆ లోపల దాన్ని ఎవరూ వాడకూడదు. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా రాకూడదు. ఒక పోస్టులో ఒక్క ట్యాగే ఉండాలి. ఒకే వాక్యాన్ని కాపీ చేసి పదిసార్లు వేయకూడదు. హీరో పుట్టినరోజు దగ్గర పడిందంటే తెలుగు సినిమా అభిమానుల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే సూచనలు ఇవి. ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) ట్రెండ్ కావాలంటే మొత్తం ఎన్ని పోస్టులు పడ్డాయన్నది ఒక్కటే చాలదు, తక్కువ సేపట్లో ఎంత ఉధృతంగా పడ్డాయన్నదే ముఖ్యం. అందుకే భీమవరంలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాడూ, డాలస్‌లో పొద్దున్నే ఆఫీసుకు తయారవుతున్న ఇంజినీరూ ఒకే నిమిషంలో ఫోన్ చేతిలోకి తీసుకుంటారు.

దీన్ని పనిలేని పని అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది. వాళ్లు ఒక్క ఫ్యాన్ పేజీని నెల రోజులు గమనిస్తే ఆ మాట అనలేరు. పాత పేపర్లలోని శతదినోత్సవ ప్రకటనలు వెతికి స్కాన్ చేసేవాళ్లున్నారు. ఏ సినిమా ఏ ఊళ్లో ఏ థియేటర్లో ఎన్నాళ్లు ఆడిందో జాబితాలు కట్టేవాళ్లున్నారు. పుట్టినరోజుకు అందరూ ఒకేసారి ప్రొఫైల్‌లో పెట్టుకునే ఉమ్మడి బొమ్మ, అదే సీడీపీ, దాని డిజైన్ కోసం రాత్రుళ్లు కూర్చునేవాళ్లున్నారు. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలు పడ్డాయి. ఆ సెప్టెంబరులో ‘జల్సా’, ఏడాది చివర్లో ‘ఖుషి’ మళ్లీ థియేటర్లకొచ్చాయి. రీరిలీజ్ అనేది ఒక వ్యాపారంగా నిలబడిందంటే, పాత సినిమాల జ్ఞాపకాన్ని రోజూ తవ్వి పైకి తెచ్చిన ఈ పేజీల కష్టం అందులో ఉంది. కొవిడ్ రెండో వేవ్‌లో, 2021 ఏప్రిల్, మే నెలల్లో, ఆక్సిజన్ కోసమో ఐసీయూ పడక కోసమో ఎవరైనా రాత్రి పూట పోస్టు పెడితే దాన్ని నిమిషాల్లో వేలమందికి చేర్చిన వాటిలో ఫ్యాన్ ఖాతాలు చాలా ఉన్నాయి. ట్యాగుల కోసం కట్టుకున్న గొలుసే ఆ రోజుల్లో ఊపిరి కోసం పనికొచ్చింది. 1998లో మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంకుకు రక్తం ఇచ్చిన తరం తర్వాత వచ్చిన తరం ఇది. సేవ అనే మాటకు వాళ్లలో విలువ ఉంది.

మరి ఇంత ఓపిక, ఇంత శ్రద్ధ ఉన్నచోట బూతు ఎందుకు పుడుతోంది?

సగం గొడవ అంకెల దగ్గర మొదలవుతుంది. షేర్ అంటే టికెట్ డబ్బులోంచి జీఎస్టీ, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది. గ్రాస్ అంటే ప్రేక్షకుడు కట్టిన మొత్తం. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాల వారీగా అభిమానికి ఇవి కంఠతా వచ్చు. చిక్కేమిటంటే మన దగ్గర ఈ లెక్కలకు ఆడిట్ చేసి అందరి ముందూ పెట్టే వ్యవస్థ లేదు. అమెరికాలో అయితే కామ్‌స్కోర్ లాంటి సంస్థ థియేటర్ల నుంచి వసూళ్లు సేకరిస్తుంది కాబట్టి అక్కడి డాలర్ల మీద వాదన కాస్త త్వరగా తేలుతుంది. ఇక్కడ నిర్మాత పోస్టర్ మీద వేసిందే అంకె. నమ్మేవాడు నమ్ముతాడు, అవతలివాడు ఫేక్ అంటాడు. రుజువు చేసే దారి లేని విషయం మీద ఎంతసేపు వాదించినా చివరికి మిగిలేది తిట్టే.

2023 సంక్రాంతినే తీసుకుందాం. జనవరి 12న బాలకృష్ణ ‘వీరసింహారెడ్డి’, మర్నాడు చిరంజీవి ‘వాల్తేరు వీరయ్య’. రెండింట్లోనూ కథానాయిక శ్రుతి హాసనే. రెండింటి నిర్మాతలూ మైత్రీ మూవీ మేకర్సే. ఏ సినిమా టికెట్ తెగినా నిర్మాతల వాటా ఒకే ఆఫీసుకు చేరుతుంది. అయినా ఆ పండగ వారమంతా రెండు వైపుల అభిమానులు సెంటర్ల లెక్కలు పట్టుకుని ఒకరి ఇంట్లో వాళ్లను ఒకరు తిట్టుకున్నారు. ఎవరి డబ్బు కోసం ఈ పోరు అని వాళ్లను నిలదీసి అడగాలనిపిస్తుంది. ఆ కోపంలో కూడా వాళ్ల మీద జాలే ఎక్కువ కలుగుతుంది.

గొడవ కొత్తది కాదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ రోజుల్లోనే అవతలి హీరో పోస్టర్ మీద పేడ కొట్టడం ఉంది. తెలుగు అభిమాన సంఘాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్ 2009లో చిరంజీవి మీద పుస్తకమే తెచ్చారు. ఆ సంఘాల్లో దాదాపు అందరూ మగవాళ్లేనన్న సంగతి ఆయన పని చదివినవాళ్లకు తెలుసు. ఆన్‌లైన్‌కు వచ్చాక అమ్మాయిలూ వచ్చారు. సినిమా గురించి తమ మాట చెబుతున్నారు, పేజీలు నడుపుతున్నారు. పాత సంఘాల మగ పద్ధతులు మాత్రం అలాగే వెంట వచ్చాయి. పైగా అప్పుడు పేడ పడింది కాగితం మీద. ఇప్పుడు పడేది ఒక మనిషి ఫోన్లో, ఆ మనిషి ఇంట్లో కూర్చుని ఉండగా.

2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విటర్‌లో అభిమానుల ప్రశ్నలకు జవాబులు చెప్పింది. పవన్ కల్యాణ్ ‘బంగారం’లో నటించిన అమ్మాయి ఆమె. జూనియర్ ఎన్టీఆర్ గురించి అడిగితే తాను ఆయన అభిమానిని కానంది, మహేశ్‌బాబు అంటే ఎక్కువ ఇష్టమంది. అంతే. అత్యాచారం చేస్తామన్న బెదిరింపులు, తల్లిదండ్రుల మీద బూతులు వరదలా వచ్చాయి. ఆమె ఆ పోస్టులను హీరోకే ట్యాగ్ చేసి అడిగింది, పోలీసులకు ఫిర్యాదు చేసింది. అప్పటి మంత్రి కేటీఆర్ స్పందించారు, హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టారు. ఒక హీరో ఇష్టం లేదనడం ఎవరికి చేసిన నష్టం? ఆ హీరో నటనకు అందులో వచ్చిన లోటేమిటి?

నటి అనసూయ భరద్వాజ్ సంగతీ అంతే. 2017లో ‘అర్జున్ రెడ్డి’లోని బూతు మాట మీద ఆమె అభ్యంతరం చెప్పింది. అయిదేళ్ల తర్వాత, 2022 ఆగస్టు 25న, ఆ సినిమా హీరో నటించిన ‘లైగర్’ విడుదలైన రోజు ఆమె పెట్టిన పోస్టును ఆ పాత గొడవతో ముడిపెట్టి ‘ఆంటీ’ అనే ట్యాగ్‌ను రోజుల తరబడి ట్రెండ్ చేశారు. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్లింది. నవంబరులో కోనసీమ జిల్లాకు చెందిన ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. గాయని చిన్మయి శ్రీపాద అయితే 2012లోనే చెన్నై పోలీసులకు ఇలాంటి ఫిర్యాదు ఇచ్చింది, అరెస్టులూ జరిగాయి. పదేళ్లు గడిచినా ఆమెకు అవే మాటలు, అదే పోరాటం.

ఈ ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఇద్దరు హీరోల అభిమానులు కొట్లాడుకుంటే అటూ ఇటూ గుంపులుంటాయి. ఆడవాళ్ల మీద పడినప్పుడు గుంపు ఒకవైపే ఉంటుంది.

ఫ్యాన్ పేజీల్లో పాతకాపులైన అడ్మిన్లు శత్రు కామెంట్లను ఎదుర్కోవడంలో ఒక పద్ధతి నేర్చుకున్నారు. అనుమానంతో అడిగినవాడికి ఆధారంతో ఒక్కసారి జవాబిస్తారు. కెలకడానికి వచ్చినవాడికి జవాబే ఇవ్వరు. వాడి పోస్టును కోట్ చేసి ఏకిపారేస్తే మన ఫాలోయర్లందరికీ మనమే వాడిని పరిచయం చేసినట్టని వాళ్లకు తెలుసు. కొన్ని మాటలను మ్యూట్ చేసుకుంటారు. బెదిరింపు వస్తే బ్లాక్ చేసే ముందు లింకు, ఖాతా పేరు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ దాస్తారు. బ్లాక్ చేయడం పారిపోవడం కాదు. చేసుకోవాల్సిన పని మీద మనసు పెట్టడానికి అది తలుపు వేసుకోవడం. కొత్త కుర్రాళ్లకు ఈ విద్య ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. చాలా గ్రూపుల్లో ఎవరూ నేర్పడం లేదు, ట్యాగులు వేయడం మాత్రం నేర్పుతున్నారు.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. బూతు రాసింది అవతలి హీరో అభిమాని కాదు, మనవాడే. వాడికి యాభై వేలమంది ఫాలోయర్లున్నారు. ట్యాగ్ రోజు వాడు లేకపోతే ట్రెండ్ నిలవదు. వాడు ఎవరో అమ్మాయిని అనరాని మాట అంటే కింద ‘ఇచ్చిపడేశావ్ అన్నా’ అని వందల కామెంట్లు. గ్రూపులో నలుగురైదుగురికి అది తప్పని తెలుసు. అయినా అవతలివాళ్ల ముందు మనవాణ్ని తగ్గించకూడదని ఊరుకుంటారు. ఎదుటివాడికి వేసే కౌంటరుకు లైకులు వస్తాయి. మనవాడికి చెప్పే బుద్ధికి వచ్చేది అనుమానం: నువ్వు ఇంతకీ ఎవరి ఫ్యాన్, లోపల ఉన్న యాంటీవా? ఆ అనుమానాన్ని భరించి అయినా ఆ మాట చెప్పాలి. ఎందుకంటే మీరా చోప్రాను తిట్టినవాళ్లకు మహేశ్‌బాబు అభిమాని చెబితే అది ఇంకో గొడవ. ఎన్టీఆర్ అభిమాని చెబితేనే అది ఆగుతుంది.

హీరోల వైపు నుంచి ఈ మాట గట్టిగా చెప్పినవాళ్లలో ముందు గుర్తుకొచ్చేది అజిత్. సికింద్రాబాద్‌లో పుట్టి తమిళంలో పెద్ద హీరో అయిన ఆయన 2011లో, తన 40వ పుట్టినరోజుకు కాస్త ముందు, అభిమాన సంఘాలన్నీ రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. తమిళ హీరో విజయ్ అభిమానులతో ఆయన అభిమానుల పోరు అంతటితో ఆగలేదు. 2019లో విజయ్ చనిపోయినట్టు ట్యాగ్ పెట్టి ట్రెండ్ చేసేదాకా పోయింది. హీరో ఒక ప్రకటన ఇస్తే చాలదని అక్కడ తేలింది. ఆ మాట కింద గ్రూపుల దాకా దిగాలి. దించగలిగేది అడ్మిన్లే.

మాటలు ఎక్కడిదాకా పోతాయో మనకు తెలియనిది కాదు. 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలారులో హీరోల మీద వాదన ముదిరి తిరుపతికి చెందిన ఒక యువకుడు హత్యకు గురయ్యాడు. పవన్ కల్యాణ్ తిరుపతి వెళ్లి అతని తల్లిని ఓదార్చారు. 2022 అక్టోబరులో పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో కలిసి పనిచేసుకునే ఇద్దరు పెయింటర్ల మధ్య వాట్సాప్ స్టేటస్‌లో ఏ హీరో వీడియో పెట్టాలన్న మాట పెరిగి ఒకరి ప్రాణం పోయింది. వాళ్లిద్దరి మధ్య అంతకు మించిన శత్రుత్వం ఏముంటుంది?

చట్టం ఉంది. ఆన్‌లైన్ రాతల మీద ఇష్టమొచ్చినట్టు వాడుతున్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, అది మంచిదే. అసభ్య రాతలకు ఐటీ చట్టం 67, ఆన్‌లైన్‌లో వెంటపడి వేధించడానికి భారతీయ న్యాయ సంహిత 78, స్త్రీని అవమానించడానికి 79 ఉన్నాయి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయవచ్చు. కానీ అరెస్టు దాకా వెళ్లడానికి సమయం పడుతుంది. ఏ ఖాతా వెనక ఏ మనిషి ఉన్నాడో పోలీసులు వెతుక్కుంటూ పోవాలి. గ్రూపులో ఆ వెతుకులాట అక్కర్లేదు. వాడి అసలు పేరు, ఊరు, పోయిన పుట్టినరోజుకు ఫ్లెక్సీ ఏ సెంటర్లో కట్టించాడో పదిమందికి తెలుసు. ఫోన్ నంబరు ఉంది. ఆ రాత్రే ఫోన్ చేసి పోస్టు తీసేయమని, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పమని అడగగలరు. వినకపోతే గ్రూపులోంచి తీసేయగలరు. తర్వాతి సీడీపీలో వాడి పేరు వేయకుండా ఉండగలరు.