ఇందులో ఎవరున్నారు?

మా తమ్ముడి కొడుక్కి ఎల్లుండి ఆరో పుట్టినరోజు. “అక్కా, బొమ్మ కార్లు మాత్రం తేకు. ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. నువ్వు రాసేదానివి కదా, నాలుగు మంచి పుస్తకాలు పట్రా” అన్నాడు తమ్ముడు ఫోన్లో. వెంటనే మా మరదలు ఫోను అందుకుని, “నీతి కథలైతే బాగుంటుంది వదినా. కాస్త జనరల్ నాలెడ్జి కూడా ఉంటే మరీ మంచిది” అంది. సరేనన్నాను. అనడం తేలికే. తీరా పుస్తకాల షాపులో పిల్లల అరల ముందు నిలబడేసరికి, పెళ్ళికూతురికి చీర ఎంచడం దీనికంటే నయమనిపించింది. చీర నచ్చకపోతే పెళ్ళికూతురు మొహం చూస్తే తెలిసిపోతుంది. పుస్తకం నచ్చకపోతే పదేళ్ళ దాకా తెలియదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నాకు తెలిసేసరికి పదేళ్ళే పట్టింది.

మా అమ్మాయి అయిదో పుట్టినరోజుకి నేను పెద్దబాలశిక్ష కొన్నాను. కొన్నప్పుడు ఎంత గర్వంగా ఉందనుకున్నారు! 19వ శతాబ్దం నుంచీ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పుస్తకం, మా తాతగారు వల్లె వేసిన పుస్తకం, రెండు చేతులతో గాని ఎత్తలేని పుస్తకం. సంవత్సరాల పేర్లు, నక్షత్రాలు, సామెతలు, ఎక్కాలు, శతక పద్యాలు, లేనిదేదీ లేదు. అది ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిరగేసి, “ఇందులో ఎవరున్నారమ్మా?” అనడిగింది పిల్ల.

అదేం ప్రశ్న అనుకున్నాను. “అన్నీ ఉన్నాయి” అని చెప్పాను. “అన్నీ కాదు, ఎవరున్నారూ?” అంది మళ్ళీ. నాకు అర్థం కాలేదు. రోజూ సాయంత్రం కూచోబెట్టి ప్రభవ, విభవ చెప్పించడం మొదలుపెట్టాను. పదిహేను రోజుల్లో, ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంటే చాలు, దానికి కడుపునొప్పి వచ్చేది.

ఇప్పుడు దానికి పదిహేడు. ఇంగ్లీషులో ఇంతింత లావు నవలలు రాత్రికి రాత్రి నమిలేస్తుంది. నేను రాసిన నవల ఒక్కటి కూడా చదవలేదు. చదవనని కాదు, చదవలేదు. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది గాని పేజీ చదవలేదు. ఎప్పుడైనా నేను పైకి చదివితే వింటుంది, బాగుందంటుంది. “ఇంగ్లీషు మీడియం పిల్లలంతా ఇంతేనండీ” అని నలుగురూ నన్ను ఓదారుస్తారు. ఆ ఓదార్పు నేను పుచ్చుకోను. అదే బడిలో చదివి తెలుగు హాయిగా చదివే పిల్లలు ఆ వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ళమ్మలు రచయిత్రులు కారు, అదీ తేడా.

పెద్దబాలశిక్ష చెడ్డ పుస్తకమని నేననను. నాకిప్పటికీ దానితో పని పడుతుంది. అయితే అది అవసరానికి వెతుక్కునే పుస్తకం, చదువుకునే పుస్తకం కాదు. అందులో మా అమ్మాయి అడిగిన ‘ఎవరూ’ లేరు. ఒక కోతి గాని, ఒక దొంగ గాని, అన్నం తిననని మొండికేసిన ఒక పిల్లాడు గాని లేడు. అయిదేళ్ళ పిల్లకి పుస్తకం అంటే ఎవరో ఒకరుండే ఇల్లు. తలుపు తీస్తే ఇంట్లో మనిషి లేకుండా బీరువాలే ఉంటే ఎవరు మాత్రం లోపలికి వెళ్తారు?

ఇంతకీ షాపులో సంగతి. పిల్లల పుస్తకాలు కొనడంలో ఒక తిరకాసుంది. డబ్బిచ్చేది పెద్దవాళ్ళు, చదవాల్సింది పిల్లలు. అంచేత వేసేవాళ్ళు కూడా కొనేవాళ్ళ కంటికే వల వేస్తారు. బంగారు అక్షరాల అట్ట, జారిపోయే నున్నటి కాయితం, ‘నూట ఒకటి’, ‘మూడువందల అరవై అయిదు’ అంటూ లెక్కలు. కథలు తూకానికి అమ్ముతున్నారా అనిపిస్తుంది. అట్ట మీద సింహం బ్రహ్మాండంగా ఉంటుంది, లోపలికి వెళ్తే పేజీకి ముప్ఫై వరసలు, మూలన అగ్గిపెట్టెంత బొమ్మ.

నేనిప్పుడు ఏ పుస్తకమైనా మధ్యలో తెరిచి ఒక వాక్యం పైకి చదువుతాను. “పూర్వము ఒకానొక అగ్రహారమున నొక విప్రుడు నివసించుచుండెను” అనే ధోరణిలో ఉంటే అక్కడికక్కడే మూసేస్తాను. ఆరేళ్ళవాడికి అగ్రహారం తెలియదు, విప్రుడు తెలియడు, ‘నివసించుచుండెను’ అన్న మాట వాడు పుట్టాక ఎవరి నోటా వినలేదు. గుణింతాలు దాటి ఇప్పుడిప్పుడే వత్తుల దగ్గర కుంటుతున్న పిల్లాడు ‘విప్రుడు’ దాటి, ‘చుండెను’ దాకా వచ్చేసరికి వాక్యం మొదట్లో ఏముందో మరిచిపోతాడు. “ఒక ఊళ్ళో ఒక కోతి. దానికి తోకంటే సిగ్గు” అని రాశారనుకోండి, కష్టమైన అక్షరాలు రెండే, ‘ళ’ కింద ‘ళ’ వత్తు, ‘గ’ కింద ‘గ’ వత్తు. ఆ రెండూ వాడు తంటాలు పడి దాటతాడు, ఎందుకంటే కోతికి తోకంటే ఏమిటో వాడికి తెలియాలి! భాష తేలిక చేయడమంటే పిల్లల్ని తక్కువ చేయడమని కొందరు పండితులంటారు. వాళ్ళని ఓసారి ఆరేళ్ళవాడి పక్కన కూచుని వేలు పెట్టి చదివించమనండి.

వేలు అంటే గుర్తొచ్చింది. ఏడు చేపల కథ కన్నా గొప్ప పిల్లల కథ ఇంతవరకూ తెలుగులో ఎవరూ రాయలేదని నా నమ్మకం. అది రాసింది ఎవరో కూడా తెలియదనుకోండి. చేప ఎండకపోవడం దగ్గర మొదలై, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చివరికి చీమ దాకా ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ పోతారు. రెండోసారి చెప్పేసరికి తర్వాత ఎవరొస్తారో పిల్లలే ముందు అరుస్తారు. చదవడంలో ఉన్న మజా అంతా అదే, తర్వాత ఏమిటో నాకు తెలుసునని కాలరెగరేయడం. అలాంటి కథని రంగుల బొమ్మలతో వేసిన పుస్తకం ఒకటి ఆ రోజు దొరికింది. ముచ్చటపడి చివరి పేజీ తిప్పాను. చిన్న గడి కట్టి, లోపల, ‘నీతి: ఇతరుల ఇళ్ళలో వేలు పెట్టరాదు’ అని వేశారు! పుస్తకం పేరు చెప్పను గాని, ఆ నీతి కనిపెట్టినాయన్ని ఒక్కసారి చూడాలనుంది.

పిల్లల పుస్తకమనగానే పెద్దవాళ్ళు తడుముకోకుండా చెప్పే పేర్లు రెండున్నాయి. వాటి మీద నా అభిప్రాయం చెబితే కొందరికి కోపం వస్తుంది. అయినా చెబుతాను.

‘బుడుగు’ పిల్లల పుస్తకం కాదు. ముళ్ళపూడి వెంకటరమణ గారు 1950ల్లో పెద్దవాళ్ళు చదివే వారపత్రికలో పెద్దవాళ్ళ కోసం రాశారు. మాట పిల్లాడిది, చురక పెద్దవాళ్ళకి. వాడు చూసి చెప్పేదాన్ని వాడికే తెలియని అర్థంలో మనం విని నవ్వుతాం. ఆరేళ్ళవాడికి అందులో నవ్వేముంటుంది, వాడి మాటలు వాడికి సహజమేగా! పైగా పిల్లాడి నోటి యాసని ఉన్నదున్నట్టు అచ్చువేసిన అక్షరాలు, చదవడం నేర్చుకుంటున్నవాడికి రాళ్ళబాట. బాపు గారి బొమ్మలు చూపించండి, సీగానపెసూనాంబని పరిచయం చెయ్యండి. పుస్తకం మాత్రం పన్నెండేళ్ళు వచ్చాక ఇవ్వండి. అప్పుడు వాడికి తన వెనకటి గొంతు తనకే వినపడి నవ్వొస్తుంది.

‘చందమామ’ సంగతి వేరు. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు లేదు. పాత సంచికలు సంపాదించి కట్టలు కట్టి మనవలకి ఇచ్చే తాతలు నాకు తెలుసు. ఆ భాష ఈనాటికీ పిల్లల కథలు రాసేవాళ్ళు ఎదురుగా పెట్టుకోదగ్గది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రిక పని చూశారు. పొట్టి వాక్యం, అలంకారం లేని మాట, ఎవరు ఏం చేశారో సూటిగా చెప్పడం, అదే అలవాటు చేశారు. ఇప్పటికీ నా వాక్యం నాలుగు వరసలు దాటితే నాకే సిగ్గేస్తుంది, ఆ పత్రిక చలవే. అయినా అది ఎనిమిదేళ్ళు దాటి, చదవడం ఒంటబట్టిన పిల్లలకి. శంకర్ వేసిన విక్రమార్కుడూ బేతాళుడూ చూసి ఆరేళ్ళవాడు మన ఒళ్ళో చేరతాడేమో గాని, ఆ రెండు కాలమ్‌ల చిన్నచ్చు ఒంటరిగా ఈదలేడు. తాతలు కట్టలు ఇచ్చి ఊరుకుంటే చాలదు, కళ్ళజోడు తుడుచుకుని పక్కన కూచుని చదవాలి మరి.

నా మటుకు నాకు చదవడం ఎలా వచ్చిందో చెబుతాను. నాన్నగారు విశాలాంధ్ర పుస్తకాల షాపు నుంచి ‘నొప్పి డాక్టరు’ తెచ్చారు. కొర్నేయ్ చుకోవ్‌స్కీ రాసిన రష్యన్ కథ. అసలు డాక్టరు పేరు ఐబొలిత్, అంటే రష్యన్‌లో ‘అబ్బా, నొప్పి!’ అన్నట్టు. తెలుగు చేసినవాళ్ళు ఆ పేరుతో కుస్తీ పట్టకుండా నొప్పి డాక్టరు అనేశారు. ఆ ఒక్క పేరులోనే అనువాదం ఎలా ఉండాలో ఉంది. ఇంగ్లీషులో హ్యూ లాఫ్టింగ్ రాసిన డాక్టర్ డూలిటిల్‌కి ఈయన దగ్గర చుట్టం. జబ్బు చేసిన జంతువులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, డాక్టరు మందులిస్తుంటాడు. అంతలో ఆఫ్రికా నుంచి కబురు, ప్రయాణం, దారి పొడుగునా అడ్డంకులు. ఎవరికి ఎందుకు నొప్పి అన్నది ప్రతి పిల్లకీ అర్థమయ్యే విషయం. నీతి ఎక్కడా చెప్పడు. అయినా ఆ పుస్తకం చదివాక మా వీధి కుక్కలకి నేను కట్టిన కట్లు ఇన్నీ అన్నీ కావు.

ఇవాళ మళ్ళీ చూస్తే లోపం కనపడకపోలేదు. ఆ కథలో ఆఫ్రికా అంటే జంతువుల దేశం, అంతే. అక్కడ బళ్ళూ, ఊళ్ళూ, మనలాంటి పిల్లలూ ఉంటారని చదివి వినిపించేవాళ్ళు ఓ మాట అనాలి. ఆ మాట అనడానికి కూడా పుస్తకం పనికొస్తుంది. 1991లో సోవియట్ దేశంతో పాటే ఆ పుస్తకాలూ మాయమయ్యాయి. కొన్నిటిని సికింద్రాబాదులో ‘మంచి పుస్తకం’ వాళ్ళు మళ్ళీ వేశారు గనక సరిపోయింది, లేకపోతే నా పాత ప్రతి అట్ట ఊడి, మధ్య పేజీలు చెదలు తిని, ఎవరికీ ఇచ్చే స్థితిలో లేదు.

చివరికి మూడు కొన్నాను. ఒకటి ఈ డాక్టరు. రెండోది మిక్కీ పటేల్ రాసి, బొమ్మలు కూడా తనే వేసిన రూప అనే ఏనుగు కథ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళది. తన బూడిద రంగు తనకి నచ్చని ఏనుగు. మాటలు చెప్పింది బొమ్మ మళ్ళీ చెప్పదు, బొమ్మ చెప్పింది మాటలు చెప్పవు, రెండూ కలిస్తేనే కథ. మన పుస్తకాల్లో బొమ్మలు తరచుగా కథకి కాపలా కాస్తుంటాయి, ఇందులో కథ నడుపుతాయి. మూడోది ప్రథమ్ బుక్స్ వాళ్ళ సన్నటి పుస్తకం, పేజీకి రెండు మూడు వాక్యాలు. 2004లో మొదలైన ఈ సంస్థ పుస్తకాలకి మెట్లు పెట్టింది. ఒకటో మెట్టు అక్షరాలు కూడబలుక్కునేవాడికి, నాలుగోది ధారాళంగా చదివేవాడికి. అట్ట వెనక చూస్తే తెలిసిపోతుంది. పిల్లాడి వయసు కాకుండా వాడి చదువు చూసి ఎంచుకోవచ్చు. ఆ మెట్లు నాకు పన్నెండేళ్ళ క్రితం ఎవరైనా చూపించి ఉంటే!

మూడూ కలిపి నా చేతిసంచీలో పట్టాయి. ఇంటికి రాగానే మరదలి ఫోను. ఏమేం కొన్నానో చెబితే, “అంతేనా? ఇవి చదివితే వాడేం నేర్చుకుంటాడు వదినా?” అంది పాపం, మనసులో మాట దాచుకోకుండా.

“చదవడం నేర్చుకుంటాడమ్మా” అన్నాను.

“బహుమతంటే కాస్త నిండుగా కనపడద్దూ?” అంది. ఆ బాధ నాకూ తెలుసు. నలుగురూ పెద్ద పెద్ద డబ్బాలు తెచ్చిన చోట మేనత్త మూడు సన్నటి పుస్తకాలు అందిస్తే బాగుండదు. నేనప్పుడు బరువైన పుస్తకం కొన్నది కూడా సగం అందుకే, పిల్ల కోసం కాదు, వచ్చినవాళ్ళ కోసం. అంచేత మూడు పుస్తకాలూ వేరు వేరు రంగు కాయితాల్లో చుట్టి, మూడు గదుల్లో దాచిపెట్టి, వాణ్ణే వెతుక్కోమంటానని చెప్పాను. మరదలు శాంతించింది. పుస్తకాలు చింపేస్తాడేమోనని మాత్రం బెంగపడింది. చింపనీ! ఈ పుస్తకాల ఖరీదుకి చింపినా గుండె ఆగదు. గాజు తలుపుల వెనక నలగకుండా ఉన్న పుస్తకం మా ఇంట్లో ఒకటుంది, చాలు.

నిన్న రాత్రి కాయితం చుడదామని బల్ల మీద పుస్తకాలు పెట్టి, కత్తెర కోసం లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి మా అమ్మాయి కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూచుని నొప్పి డాక్టరు తెరిచి ఉంది. పెదాలు కదులుతున్నాయి. బొమ్మలు చూస్తోందేమో అనుకున్నాను. వేలు వరస మీద ఉంది.

“అమ్మా, ఇదేం వత్తు?” అంది తలెత్తకుండా.

చెప్పాను. ఇంకేమీ అనలేదు. అంటే మళ్ళీ పాఠమవుతుందని భయం. స్టవ్ మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోయాను. పావుగంట తర్వాత చూస్తే పుస్తకం మూడో వంతు అయింది. రంగు కాయితం, కత్తెర అలాగే బల్ల మీద ఉన్నాయి. తమ్ముడి కొడుక్కి ఇంకో ప్రతి కొనాలి, రేపొక్క రోజే ఉంది.