సిరాయంకె, పెన్సిలంకె

సముద్రపుగాలి కిటికీ ఊచలను తుప్పుపట్టించుచు పెదవులపై ఉప్పదనము మిగిల్చిపోవుచుండగా, వాల్తేరులోని ప్రయోగశాలయందు బ్యూరెట్టునెదుట నిలిచి ఆ సముద్రపుటుప్పునే లెక్కగట్టిన నా విద్యార్థిదశ నేటికిని కన్నులకు గట్టినట్లుండును. సీసాతో తెచ్చిన కడలినీటిలో పసుపువన్నె పొటాషియం క్రోమేటు రెండు చుక్కలు వేసి, సిల్వర్ నైట్రేటు ద్రావణమును బొట్టుబొట్టుగా విడిచినచో, తెల్లని అవక్షేపము విఱిగిన పాలవలె తరకలుగట్టి దిగుచు, క్లోరైడంతయు వ్యయమైన పిదప పడు ఒక్క బొట్టుతో ద్రవమంతయు ఇటుకచాయకు తిరుగును. 1952లో అమెరికానుండి లఫాండ్ పండితుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి సముద్రశాస్త్ర పరిశోధనకు పూనుకొన్న కాలమున, కడలినీటి లవణీయతను ప్రపంచమంతటను కొలుచుచుండినది ఈ వెండిబొట్లతోనే. అవి చేతిపై పడినచో నల్లమచ్చ వారముదినములు వదలదు. పెండ్లిచూపులకు పోవలసిన మా సహాధ్యాయి యొకడు వ్రేళ్లు దాచుకొనుటకు పడిన పాట్లు వేఱు కథ.

ఈ చర్యకు సమీకరణము వ్రాయుటలో పాండిత్యమక్కఱలేదు: ఒకటికొకటి. 58.5 గ్రాముల ఉప్పునకు 170 గ్రాముల సిల్వర్ నైట్రేటు చెల్లించినచో, 143.5 గ్రాముల సిల్వర్ క్లోరైడును, 85 గ్రాముల సోడియం నైట్రేటును వచ్చును, రెండువైపులను 228.5. మా రేవున ఓడలనుండి దిగు పొటాష్ ఎరువును పొటాషియం క్లోరైడే గనుక దాని పద్దును ఇట్టిదే.

చిక్కంతయు ఇనుముతో వచ్చినది. కాలిన ఇనుము క్లోరిను వాయువుతో కలిసి ఫెర్రిక్ క్లోరైడగును. క్లోరిను వచ్చునది జంటలుగా, లవణమున ఇముడునది మూడేసిగా. ఎంతకును లెక్క కుదరక, నేను లవణసూత్రము క్రిందనున్న మూడును కొట్టివేసి రెండు వేసితిని. అద్భుతముగా సరిపోయినది! గురువుగారు కోపింపలేదు. రెండు పరీక్షనాళికలు తెచ్చి, లేతాకుపచ్చ ద్రావణమొకదానను, పసుపుద్రావణమొకదానను పోసి, రెంటను థయోసయనేటు చుక్కలు విడిచిరి. పసుపుది నెత్తురువలె ఎఱ్ఱబడినది. పచ్చనిది పచ్చగనే యుండెను.

“అబ్బాయీ, నీవు వ్రాసినది ఈ పచ్చనిది, ఫెర్రస్ క్లోరైడు. అది ఆమ్లములో ఇనుము వేస్తే వస్తుంది. నేనడిగినది ఆ ఎఱ్ఱనిది. లెక్క కుదిరింది గాని, లవణం మారిపోయింది.”

తీగచుట్టలను హైడ్రోక్లోరికామ్లపు తొట్టిలో ముంచి పొలుసు తీయుచోట, ఆ పచ్చని ద్రావణమునే పిమ్మట పలుమాఱు చూచితిని. చూచినప్పుడెల్ల చెవులు వేడెక్కినవి. క్రిందియంకె పదార్థముయొక్క స్వభావము, దానిని తాకుటకు మనకధికారము లేదు. ముందఱియంకె మన యెన్నిక. రెండు పాళ్లు ఇనుము, మూడు క్లోరినుజంటలు, రెండు పాళ్లు లవణము: 112 గ్రాములకు 213 కలిసి 325.

నాటినుండి సూత్రములను సిరాతోను, ముందఱి యంకెలను పెన్సిలుతోను వ్రాయుట నాకలవాటైనది. మొన్న పాత నోటుపుస్తకము తెఱచితిని. తుడిచి, మరల వ్రాసి, మరల తుడిచినచోట కాగితము చిల్లిపడినది. దాని ప్రక్కనే ఫెర్రిక్ క్లోరైడు క్రింది మూడు, నీలిసిరాతో, చెక్కుచెదరక యున్నది.