ఒక్క ల్యాప్‌టాప్‌లో పది రౌటర్లు

రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించాలంటే ఒకప్పుడు గదినిండా యంత్రాలు కావాలి. ఇప్పుడు పల్నాడు జిల్లా మాచవరంలో ఉన్న కుర్రాడికైనా లినక్స్ నడిచే ల్యాప్‌టాప్ ఒక్కటి చాలు. 2008లో మొదలైన ఎల్‌ఎక్స్‌సీ (లినక్స్ కంటైనర్లు) చేసిన మేలు అది. ఒక్కో రౌటర్‌లా పనిచేసే దాని సిస్టమ్ కంటైనర్లన్నిటికీ కెర్నల్ ఒకటే. ఐపీ చిరునామా, రౌటింగ్ పట్టిక మాత్రం దేనివి దానివే. ఉమ్మడి ఇంట్లో వేరు పొయ్యిలన్నమాట.

వాటిని వీత్ అనే ఉత్తుత్తి కేబుళ్లతో కలపడం సులువే. అసలు పనితనం ఆ తర్వాత. లినక్స్‌లోని నెట్‌ఎమ్ అనే పనిముట్టుతో కావాలనే 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాలి, నూటికి రెండు ప్యాకెట్లు జారవిడవాలి, ఒక లింకు తెంపి సాఫ్ట్‌వేర్ వేరే దారి వెతుక్కుంటుందో లేదో చూడాలి. (పల్లెటూరి ఇంటర్నెట్ వాడేవాళ్లకు ఈ పరీక్ష విలువ వేరే చెప్పాలా?) కంటైనర్ చెడితే స్నాప్‌షాట్ నుంచి మళ్లీ లేపడమే. కెర్నల్‌నే పరీక్షించాలంటే మాత్రం వర్చువల్ మెషీన్ వాడాల్సిందే.