సరుకుల చీటీలో కొట్టేసిన పద్దులు

తెలుగు స్త్రీవాద సాహిత్యానికి వంటిల్లు బాగా తెలుసు. విమల ‘వంటిల్లు’ కవిత చదివాక వంటిల్లంటే అమ్మ ఏలే రాజ్యమని మురిసిపోవడం మనలో చాలామందికి సాధ్యం కాలేదు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ ఇంటిపనినీ బయటిపనినీ ఇద్దరూ ఎందుకు పంచుకోవాలో వాదించి చెప్పింది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ చివరికి తన పేరే మర్చిపోయింది. పొయ్యి, అంట్లు, చీపురు, అలుకు గుడ్డ ఇట్లా సాహిత్యంలోకి వచ్చి తమ మాట చెప్పుకున్నాయి.

అయితే ఒక సంగతి గమనించండి. మన కథల్లో చాలావాటిలో ఎసరు మరిగే వేళకి బియ్యం ఇంట్లోనే ఉంటాయి. పప్పు డబ్బాలో పప్పుంటుంది, నూనె సీసాలో నూనె ఉంటుంది. అవి ఎట్లా వచ్చాయి, ఎవరు లెక్కేశారు, ఏది తగ్గించి ఏది తెచ్చారు అన్నది కథ మొదలవక ముందే జరిగిపోయి ఉంటుంది. పురాణం కూడా అంతే. అన్నపూర్ణ చేతికి గరిటె ఇచ్చారు గానీ సంచి ఇవ్వలేదు. శివుడు భిక్షకొచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంది. ఆ బియ్యం ఏ అంగట్లో, ఎవరి ఖాతాలో తెచ్చారో ఎవరూ అడగలేదు.

నేను ఇక్కడ ఆ ముందు భాగాన్ని చదవదలచుకున్నాను. నా ముందున్న పాఠం కథ కాదు, కవిత కాదు. నెల సామాన్ల చీటీ.

మాది మహానందికి దగ్గర పల్లె. ఐదేళ్ల కొడుకు, రెండేళ్ల కూతురు. కొంతకాలంగా నా చీటీలను పారేయకుండా దాస్తున్నాను. సంగతి విని మా వీధిలో ముగ్గురు ఆడవాళ్లు తమవీ ఇచ్చారు. అన్నీ కలిపి ముప్పై దాకా ఉన్నాయి. ఎక్కువ భాగం పిల్లల కాపీరాత కాగితాల వెనక రాసినవి. ఒక పక్క పిల్లవాడి గుండ్రటి అ ఆలు, రెండో పక్క తల్లి రాసిన కందిబ్యాళ్లు, చింతపండు. సంతకం ఉండదు. క్రియాపదం ఉండదు. ‘నేను’ అనే మాట ఎక్కడా ఉండదు. నెల తిరిగేసరికి చిత్తుకాగితమైపోయే ఈ రచనను ఎవరూ రచన అనుకోరు, రాసినామె కూడా అనుకోదు.

ఈ చీటీల్లో వరస ఒకటుంది. ముందుగా ఇంటిల్లిపాదికీ తప్పనివి వస్తాయి: కందిబ్యాళ్లు, నూనె, చక్కెర, చింతపండు, ఎండుమిరపకాయలు. తర్వాత పెద్దవాళ్లవి: మామకు కాఫీపొడి, భర్తకు షేవింగ్ బ్లేడ్లు. ఆ తర్వాత పిల్లలవి: బిస్కెట్లు, బొరుగులు, శెనక్కాయ విత్తనాలు, బెల్లం, గుడ్లు. అన్నిటికంటే కింద, కాగితం అంచున ఇరికించినట్టుగా, ఆమెవి: తలకు నూనె, ప్యాడ్లు. కొన్ని చీటీల్లో ఆ చివరి వరస అసలు ఉండదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది రాసిన మాటలు కాదు, కొట్టేసిన మాటలు. అంగట్లో లెక్క కూడేసరికి మొత్తం చేతిలో ఉన్న డబ్బు దాటిపోతుంది. అప్పుడు కలం కింది నుంచి పైకి నడుస్తుంది. ప్యాడ్లు పోతాయి. తలనూనె పెద్ద సీసా చిన్న సీసా అవుతుంది. శెనక్కాయ నూనె కొట్టేసి పామాయిల్ రాస్తారు. కందిబ్యాళ్లు రెండు కిలోల పక్కన రెండు పోయి ఒకటి మిగులుతుంది. పైనున్న కాఫీపొడి దాకా కలం చేరిన చీటీ ఈ ముప్పైలో ఒక్కటీ లేదు. ప్యాడ్ల మీద జీఎస్‌టీని 2018 జూలైలో ఎత్తేశారు. పన్ను పోయింది గానీ మా చీటీల్లో ఆ వరస కాగితం అంచు నుంచి పైకి జరగలేదు.

ఒక చీటీలో గుడ్లు 30 అని రాసి, 30 కొట్టేసి 12 చేసి, పక్కనే ‘పిల్లోళ్లకు’ అని రాసి ఉంది. ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముప్పై గుడ్లలో ఆమె కూడా ఉంది. పన్నెండు గుడ్లలో లేదు. ‘నేను తినను’ అని ఆమె ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పని లేకుండానే ఆ లెక్క తేలిపోయింది.

మన సాహిత్యంలో ఈ ఘట్టానికి బాగా పేరున్న రూపం ఒకటుంది. తల్లి అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తింటుంది, లేదా ఆకలి లేదంటుంది. కొడుకు పెద్దయ్యాక అది తలుచుకుని కన్నీళ్లు పెట్టుకుంటాడు. దీన్ని మనం త్యాగమని పిలిచాం, మాతృత్వమని పిలిచాం, పాఠ్యపుస్తకాల్లో పెట్టాం. విమర్శకులు ఆర్ద్రత అన్నారు. చీటీ చదివితే మాత్రం ఆ ఆర్ద్రత వెనక కూడికలు తీసివేతలు కనిపిస్తాయి. ఆకలి లేదని ఆమె భోజనాల వేళ చెప్పింది నిజమే, కానీ ఆ మాట నెల మొదట్లోనే, శెట్టి అంగడి ముందు నిలబడ్డప్పుడే ఖాయమైంది. ఆమెకు బాధ్యత ఉంది, ఎంత ఖర్చు పెట్టాలన్న అధికారం లేదు. ఆ రెంటి మధ్య తేడాను ఆమె తన ఒంట్లోంచి పూడ్చింది. దాన్ని త్యాగమని పొగిడిన మరుక్షణం డబ్బు గురించి అడగాల్సిన ప్రశ్న మూతపడుతుంది.

ఇది అలంకారం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో అది 63.2 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం, అన్నీ చీటీలో దొరకవు. అయినా తల్లి తన గుడ్డు మానుకున్నంత మాత్రాన పిల్లల కొరత తీరలేదని రెండో అంకె చెబుతోంది. చాలని డబ్బును త్యాగం చాలేట్టు చేయలేదు.

చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని అంగడికి పోవడం వేరే కథ. చంకన ఒకరు, చెయ్యి పట్టుకుని ఒకరు. పెద్దవాళ్ల చూపుకు ఆనేచోట కందిబ్యాళ్ల మూటలు, పిల్లల చూపుకు ఆనేచోట ఐదు రూపాయల పాకెట్ల దండలు. ఆ దండలు పొరపాటున అక్కడ వేలాడడం లేదు. పిల్ల చెయ్యి చాచి ఏడుస్తుంది. అంగడాయన నవ్వుతూ ఒకటి తెంపి చేతిలో పెట్టి, ‘పర్లేదులేమ్మా, రాసుకుంటాలే’ అంటాడు. సాయంత్రం ఖాతాపుస్తకం చూసిన భర్త ‘పిల్లోళ్లను ఆ మాత్రం చెప్పుకోలేవా?’ అంటాడు. పాకెట్టు వద్దంటే రాక్షసి, కొనిస్తే దుబారా మనిషి. చూస్తున్న నలుగురికీ తీర్పు చెప్పే హక్కుంటుంది.

ఈ తీర్పుకి భాష నేర్పింది ప్రకటనలు. స్త్రీల పత్రికల్లో సీరియల్ పక్క పేజీలోనే తల్లి ప్రేమను పిల్లవాడి ఎత్తుతో, మార్కులతో కొలిచే బొమ్మలుండేవి. సీరియల్‌ను మనం విమర్శించాం, పక్క పేజీని వదిలేశాం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పానీయాలను ఆన్‌లైన్ అమ్మకాల్లో ‘హెల్త్ డ్రింక్స్’ కింద చూపించవద్దని చెప్పింది. ఆ నెలలోనే హార్లిక్స్ తయారుచేసే సంస్థ కూడా తన ‘హెల్త్ ఫుడ్ డ్రింక్స్’ విభాగం పేరు మార్చుకుంది. ఆ మాటను నమ్మి ఎన్ని ఇళ్లలో తల్లులు కందిబ్యాళ్లు తగ్గించి ఆ సీసా కొన్నారో ఏ లెక్కకూ అందదు. మా చీటీల్లో మాత్రం అది పిల్లల వరసలో, గుడ్లకు పైన ఉంది.

ఇక పేరు సంగతి. ‘ఇల్లలకగానే’ ఇల్లాలు తన పేరు వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్లింది. ఆమె అంగడి ఖాతాపుస్తకంలో వెతికినా దొరికేది కాదు. అక్కడ పేజీ పైన భర్త పేరుంటుంది. లేదంటే ‘బడి పక్క ఇల్లు’, ‘డ్రైవర్ వాళ్లు’ అని ఉంటుంది. సామాన్లు తెచ్చేది ఆమె, ‘ఈ నెల బాకీ కొంచెం ఆగన్నా’ అని తల వంచుకుని అడిగేదీ ఆమె. తీర్చినప్పుడు జమ ఆయన పేరున పడుతుంది. ‘అప్పు చేసి పప్పుకూడు’ అనే సామెతను ఈ పేజీ ముందు పెట్టి చదివితే అందులో వెక్కిరింత ఎవరికి తగులుతుందో తెలుస్తుంది.

ప్రభుత్వం పుస్తకంలో పేరు మారింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డు విషయంలో ఇంట్లో 18 ఏళ్లు నిండిన పెద్ద స్త్రీయే ఇంటి యజమాని. ఇది చిన్న విషయం కాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టిన నాటి నుంచి పేద ఇళ్లలో ఆకలికి అడ్డుపడింది ఆ బియ్యమే. కానీ యజమాని అన్న మాటకి రేషన్ కార్డులో ఉన్న అర్థం పొలం పాసుపుస్తకంలో ఉందా? వరసలో నిలబడి వేలిముద్ర వేయాల్సిన చోట ఆమె యజమాని, ఆస్తి ఉన్నచోట ఆయన. 2021లో బియ్యం బండ్లు వీధుల్లోకి వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్లీ రేషన్ షాపులకే పోతున్నాం. రెండు పద్ధతుల్లోనూ పని మానుకుని, పిల్లను ఎత్తుకుని ఎదురుచూసేది ఎవరని మాత్రం చర్చలో పెద్దగా వినిపించలేదు.

చీటీని చూసి ఇదే స్త్రీలందరి పాఠమనుకుంటే ఇంకో తప్పు జరుగుతుంది. నెల సామాన్లు ఒక్కసారి కొనాలంటే నెల జీతమో పంట డబ్బో ఉండాలి. మహానంది చుట్టూ అరటితోటలు. గుడి కోనేళ్ల నుంచి పారే నీళ్లు ఆ తోటల్లోకి పోతాయి. అక్కడ కూలికి పోయే స్త్రీకి చీటీ ఉండదు. ఆ రోజు కూలి చేతికొచ్చాక పొద్దుగూకి అంగడికి పోయి పావుకిలో బ్యాళ్లు, చిన్న ప్యాకెట్టు నూనె, రెండు ఎర్రగడ్డలు తెస్తుంది. చిల్లరగా కొన్నందుకు కిలోకు మాకంటే ఎక్కువ ధర ఇస్తుంది. ఆమె జాబితా తలలోనే ఉంటుంది, కొట్టివేతలూ అక్కడే జరిగిపోతాయి. నంద్యాల సోనా పండే నేల మీద నాట్లు వేసి, ఇంటికొచ్చి రేషన్ బియ్యం వండుకునేదీ ఆమే. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ వంటి దళిత స్త్రీల సంకలనాలు మనకు గుర్తుచేసింది ఇదే: ‘స్త్రీ అనుభవం’ అని ఏకవచనంలో అనేముందు ఎవరి అనుభవమో చెప్పాలి. కాగితం మీద చీటీ రాయగలగడమే ఒక వెసులుబాటు.

ఆ కాగితం లేని ఆడవాళ్లే ఒకసారి అందరికంటే గట్టిగా లెక్క అడిగారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మనం ఎక్కువగా తాగుడు సమస్యగా, హింస సమస్యగా చదివాం. అది సరుకుల ఉద్యమం కూడా. కూలి డబ్బు సారా అంగడికి పోవాలా, బియ్యం అంగడికి పోవాలా అన్నది దాని గుండెకాయ. అక్షరాస్యతా తరగతుల్లో చదువుకున్న పాఠాలు ఆ ఉద్యమానికి ఊపిరి పోశాయి. ‘నాకు ఆకలి లేదు’ అనే తల్లి పక్కన ‘ఆ డబ్బు ఎక్కడికి పోయింది?’ అని అడిగిన తల్లిని నిలబెట్టి చూస్తే, మన విమర్శ ఇన్నాళ్లూ ఎవరిని ఎక్కువ ముద్దుచేసిందో అర్థమవుతుంది.

మా పల్లెల్లో మొన్న మొన్నటి దాకా చీటీ రాసేది ఆడవాళ్లు, బండి మీద నంద్యాలకు తీసుకుపోయేది మగవాళ్లు. ఏది కొట్టేయాలో అంగట్లో ఆయనే తేల్చేవాడు. 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీ శక్తి’ పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. మహానంది నుంచి నంద్యాలకు ఆడవాళ్లే పిల్లల్ని వేసుకుని పోతున్నారు. టోకు అంగళ్లలో బేరం చేస్తున్నారు, ధరలు పోల్చుకుంటున్నారు. ఈ మార్పుకు సంతోషించాలి. కలం చేతికొచ్చింది. అయితే డబ్బు పెరగలేదు, సంచి బరువు మాత్రం పెరిగింది. వెనకటికి ‘ఆయన తేలేదు’ అనుకునే వీలుండేది. ఇప్పుడు తన ప్యాడ్లు తానే కొట్టేసుకోవాలి. దాన్ని సాధికారత అని పిలిచేముందు ఆ చీటీని ఒకసారి తిరగేసి చూడాలి.

జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అంగడికి పోయి వచ్చిన సమయం అందులో ఉంటుంది. చింతపండు ఇంకెన్నాళ్లొస్తుంది, పిల్లవాడి బడి డబ్బాలో రేపేం పెట్టాలి అని పొయ్యి ముందు కూర్చునీ, పిల్లకు పాలిస్తూనూ వేసుకునే లెక్క ఏ నిమిషంలోకీ రాదు. సర్వేకి అందని దాన్ని పట్టుకోవాల్సింది సాహిత్యమే.

అందుకని రచయిత్రులకూ, పరిశోధన చేస్తున్న స్నేహితులకూ ఒక మాట. స్త్రీల ఉత్తరాలను, డైరీలను, పాటలను మనం వెతికి తీసి సాహిత్య చరిత్రలో చేర్చాం. చీటీలనూ చేర్చుకుందాం. అమ్మ త్యాగం మీద కథ రాసే ముందు ఆమె చీటీ అడిగి తీసుకుందాం. సాఫుప్రతి వద్దు, కొట్టివేతలున్న కాగితమే కావాలి. ఏ వరస ముందు పోయింది, ఎవరి కలం కొట్టేసింది, దేని జోలికి ఎవరూ పోలేదు అని చదువుదాం. చీటీ రాయని ఆమె దగ్గరికి వెళ్లి, ఈ రోజు అంగట్లో ఏది అడగబోయి మానుకున్నావని అడుగుదాం. పన్నెండు గుడ్ల పక్కన ఇంకొక్క మనిషి లెక్క ఎందుకు లేదో ఆ ఇంట్లో అందరి ముందూ అడగగలిగే కథ మనకింకా కావాలి.