నాలుగు శాతానికి దొడ్డిదారి

2012లో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. మంత్రిత్వ శాఖలూ ప్రభుత్వరంగ సంస్థలూ ఏటా కొనేదాంట్లో 20 శాతం చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. మొత్తం మీద 4 శాతం దళిత, ఆదివాసీ యజమానుల నుంచి రావాలి. 2015 నుంచి ఇది తప్పనిసరి. 2018లో 20ని 25 చేశారు, అందులో స్త్రీలకు 3 శాతం పెట్టారు. మన నాలుగు మాత్రం నాలుగు దగ్గరే ఆగింది.

అదైనా దక్కుతోందా? లేదు. ఎందుకు దక్కదో ఉత్తర్వులోనే రాసిపెట్టారు. మనవాళ్ళు టెండరుకు రాకపోయినా, షరతులకూ అందరికన్నా తక్కువ ధరకూ తూగకపోయినా ఆ 4 శాతాన్ని వేరే చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చట! ఈ మాట మనకేం కొత్త? 'అర్హులు దొరకలేదు' అని ఆఫీసుల్లో విన్నదే. ఉద్యోగాల్లో కనీసం బ్యాక్‌లాగ్ ఉంది. 2000లో 81వ రాజ్యాంగ సవరణ దానికి బలమిచ్చింది. నిండని పోస్టు వచ్చే ఏటికి మిగులుతుంది. ఇక్కడ ఈ ఏటి వాటా ఈ ఏడే పరులపాలు.

ధరావతు మాఫీ చేశాం అంటారు. నిజమే, కాదనం. 15 శాతం దాకా ఎక్కువ ధర వేసినా ఒక అవకాశముంది. అదీ పక్కవాడి ధరకు దిగడానికే! తాతలనాటి షెడ్డూ సొంత స్థలమూ ఉన్నవాడి ధరకు, నిన్నగాక మొన్న అప్పు తెచ్చి లేతు మిషను బిగించినవాడు ఎట్లా దిగుతాడు? వాడి ధరలో వడ్డీ కూడా ఉంది. (51 శాతం వాటా కాగితం మీద చూపించే బినామీల సంగతి వేరే రాయాలి.)

ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యమనే అడుగుతున్నాం. కొనని వాటాను తర్వాతి ఏటికి కలపమంటున్నాం.