కొండ కింద చదవవలసిన కావ్యం

మన యాత్రాసాహిత్యంలో నడిచినవాళ్ళు తక్కువ, మోయించుకున్నవాళ్ళు ఎక్కువ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటేడు సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిపొడుగునా స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలు రాశారు. 1838లో అవే 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. దారులూ, మజిలీలూ ఏవీ వదల్లేదు మహానుభావుడు. అయినా అది పల్లకీలోంచి చూసిన దేశం. బోయీలు రాసివుంటే ఇంకోలా ఉండేది. పైగా స్నేహితుడు పక్కన లేడు, ఉత్తరం అవతల ఉన్నాడు.

ఇక మొక్కూ ముడుపూ లేకుండా ఇద్దరు ఆడవాళ్ళు కొండల మధ్య నడిచారంటారా? పుస్తకాల సంగతలా ఉంచండి, ఊళ్ళోవాళ్ళే నమ్మరు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా నేనూ నా స్నేహితురాలూ నాలుగు రోజులు నడిచాం. "యాడికి పోతాండారమ్మా? బస్సుకు దుడ్లు లేవా?" అన్నది ఒక ముసలమ్మ. తరవాతి ప్రశ్న మీరూ ఊహించగలరు: "మగోళ్ళెవురూ రాలేదా?"

సంచిలో ఒకే పుస్తకం. పుట్టపర్తి నారాయణాచార్యులుగారి 'పెనుగొండ లక్ష్మి'. 1914లో పుట్టిన ఆయన పదిహేనేళ్ళు నిండకముందే రాసిన పద్యకావ్యం. తరవాత ఆయనే విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే పాఠ్యగ్రంథమట! ఆ కుర్రవాడికి పెనుకొండలో ఇంగ్లీషు సాహిత్యం రుచి చూపింది సబ్‌కలెక్టరుగారి భార్య, మిసెస్ పిట్. మన విమర్శకులు ఆవిడను ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఎందుకో మరి.

ఇంట్లో కూర్చుని చదివితే ఆ కావ్యం ఒకటే శోకంలా తోస్తుంది. 1565లో తళ్ళికోట పోరులో ఓడాక విజయనగర రాజులు తలదాచుకుని రాజధాని చేసుకున్న ఊరు పెనుకొండ. ఆ వైభవం పోయిందన్న బాధే కావ్యానికి ప్రాణం. నడిచి వెళితే వేరు. ఎర్రనేల, కోసేసిన శనక్కాయ చేలు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు. పొద్దున కనిపించిన కొండ సాయంత్రానికీ దగ్గరపడదు. దాన్నే దినమూ చూస్తూ పెరిగిన పిల్లవాడికి అది రాయిగా ఎలా కనిపిస్తుంది? ఇంట్లో పోయిన పెద్దావిడను తలుచుకున్నట్టు తలుచుకున్నాడు. సమాసాల బరువు వయసుకు మించిందే, ఒప్పుకుంటాను. దుఃఖం మాత్రం అరువు తెచ్చుకున్నది కాదు.

నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. ధర్మవరం మగ్గాలింటి ఆడపడుచు ఆమె. కోటగోడ నీడలో ఊరుబిండితో రొట్టె తింటూ, "రాజులు పోతే ఏడ్చేదానికి కవులుండారు. ఈ రాళ్ళు మోసినోళ్ళు పోతే ఎవరేడ్చినారే? పట్టుచీర కట్టినామె పెండ్లి ఫోటోలో ఉంటాది, నేసినాయన యాడుంటాడు?" అంది.

ప్రశ్న న్యాయమైనదే. కానీ పదిహేనేళ్ళవాణ్ణి అడగవలసింది కాదు, పట్టుచీరలు బీరువాలో దాచుకునే నాబోటివాళ్ళను అడగాలి అన్నాను. "అయితే నువ్వు రాయి" అంది. ధర్మవరం చెరువుకట్ట కనిపించేదాకా ఇదే వాదన. పుస్తకం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది, రెండోసారి చదువుతానని ఉంచుకుంది.