టికెట్టు వెనక 142

మా నాయిన పోయాక ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, సొసైటీ అప్పు రసీదులు, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టినప్పటి చీటీ. వాటన్నిటి అడుగున, మడత దగ్గర చిరుగుపట్టిన ఒక క్రికెట్ టికెట్టు. ఒక మూల గేటు దగ్గర చింపేశారు. అచ్చు సగం వెలిసిపోయింది గానీ లాల్ బహదూర్ స్టేడియం అనీ, 1987 అక్టోబర్ 10 అనీ చదవొచ్చు. వెనక పెన్సిల్‌తో మూడంకెలు: 142. మరో అక్షరం లేదు.

సీటు నంబరేమో అన్నాడు అన్న. ఆ రోజు అయిన ఖర్చేమో అంది అమ్మ. మళ్లీ తనే, అప్పట్లో నూట నలభై రెండు రూపాయలు ఆయన జేబులో ఎక్కడివని తల అడ్డంగా ఊపింది. నేను పాత స్కోర్లు వెతికితే జవాబు దొరికింది. ఆ రోజు ఆ స్టేడియంలోనే, అంటే మన ఫతే మైదాన్‌లో, ప్రపంచకప్ మ్యాచి, జింబాబ్వేకీ న్యూజీలాండ్‌కీ. న్యూజీలాండ్ 242 కొట్టింది. జింబాబ్వే 104కే 7 వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి డేవ్ హాటన్ అనే వికెట్ కీపరు, ఇయాన్ బుచార్ట్‌ను తోడు పెట్టుకుని 117 పరుగులు జోడించాడు. చివరికి మార్టిన్ క్రో వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్‌కు హాటన్ అవుటయ్యాడు. జింబాబ్వే 239 దగ్గర ఆగింది, 3 పరుగుల తేడాతో ఓడింది. హాటన్ కొట్టినవి 142.

ఆ ముందురోజే మద్రాసులో మనవాళ్లు ఆస్ట్రేలియా చేతిలో ఒక్క పరుగుతో ఓడారు. నాయిన దాన్ని ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని విన్నాడట. తెల్లారకముందే జహీరాబాద్‌లో బస్సెక్కి, గౌలిగూడలో దిగి, మనవాళ్లు ఆడని మ్యాచికి వెళ్లాడు. ఓడిపోయిన జట్టులో, తానెన్నడూ పేరు వినని ఒకాయన ఆట చూసి వచ్చి, ఆ మనిషి పరుగులు రాసి పెట్టెలో దాచుకున్నాడు. ఎకరంన్నర చెరకు వేసే మొగుడంపల్లి రైతు. బతికున్నన్నాళ్లూ దాని గురించి మాతో ఒక్క మాట అనలేదు. నేను అడగలేదు కూడా. ఆ అడగకపోవడమే ఇన్నేళ్లుగా నాతో ఈ పని చేయిస్తోంది.

ఈ పని అంటే, పాత క్రికెట్ వస్తువులు పోగుచేయడం. టికెట్లు, స్కోరు కాగితాలు, బొమ్మల కార్డులు, సంతకాలు, విరిగిన బ్యాట్లు. పది పన్నెండేళ్లుగా చేస్తున్నాను. జహీరాబాద్ పాత సామాను దుకాణాల్లో, బీదర్ సంతలో, హైదరాబాద్ కోఠీ పాత పుస్తకాల వరసలో వెతుకుతాను. డబ్బు పెట్టి కొన్నవి తక్కువే. ఎక్కువ భాగం ఇళ్లలోంచి వచ్చినవి, పెట్టెల్లోంచీ అటకల మీది నుంచీ.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు పోయినేడు వచ్చినప్పుడు ఒక బేస్‌బాల్ కార్డు తెచ్చిచ్చాడు. అరచేతిలో పట్టే అట్టముక్క, ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని లెక్కలు. అక్కడ ఈ సేకరణ వందేళ్లు దాటిన అలవాటు. మొదట్లో ఈ కార్డులు సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి, లోపలి సిగరెట్లు నలగకుండా గట్టిగా ఉండేందుకు. 1909కీ 1911కీ మధ్య అలా వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే ఏడు మికీ మాంటిల్ అనే ఆటగాడి 1952 నాటి కార్డు 1.26 కోట్ల డాలర్లు పలికింది, అప్పటి మారకంలో దాదాపు 100 కోట్ల రూపాయలు. ఆ 1952 కార్డులు అచ్చువేసిన టాప్స్ కంపెనీ మిగిలిపోయిన పెట్టెలకు పెట్టెలు 1960లో పడవకెత్తి సముద్రంలో పారబోయించింది. గోదాములో చోటు చాలక.

ఇది విన్నప్పుడు నాకు మా ఊరి దీపావళి ముందు శుభ్రాలు గుర్తొచ్చాయి. సున్నాలు వేయడానికి ముందు ప్రతి ఇంటి ముందూ ఒక కాగితాల కుప్ప. సిగరెట్ పెట్టెల అట్టలు కత్తిరించి మేమూ ఆడేవాళ్లం. చార్మినార్ అట్టకు ఒక విలువ, కత్తెర గుర్తుకు ఇంకో విలువ. తర్వాత బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చాయి, వాటి మీద పరుగులూ వికెట్లూ ఉండేవి. బడి ఎగ్గొట్టి లెక్కపెట్టుకునేవాళ్లం. అవన్నీ ఆ కుప్పల్లోనే కాలిపోయాయి. నా దగ్గరిప్పుడు పదకొండు మిగిలాయి, అందులో రెండింటికి ఎలుక కొరికిన అంచులు.

ధరల మాట వస్తే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కోట్లు పలికే కార్డును గాజుపెట్టెలో పెట్టి, దానికి పదికి ఎన్ని మార్కులొచ్చాయో పైన అంటించడం నాకు నచ్చదు. మచ్చ లేనిదానికి మార్కులెక్కువ. మచ్చ లేదంటే ఏ పిల్లవాడి చేయీ దాన్ని తాకలేదన్నమాట. మా నాయిన టికెట్టుకు ఎవరూ మార్కులెయ్యరు. అయినా ఆ చిరిగిన మూల లేకపోతే, ఆయన లోపలికి వెళ్లాడో లేదో నాకు తెలిసేదే కాదు.

కానీ ఆ కార్డులు పోగుచేసేవాళ్ల దగ్గర నేర్చుకున్నది కూడా ఒకటుంది. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వచ్చిందో ఆ వరస చూపలేకపోతే అక్కడ ఎంత గొప్ప వస్తువుకైనా విలువ పడిపోతుంది. మన దగ్గర వస్తువు ఉంటుంది, వరస ఉండదు. బ్యాట్ మీద సంతకం చూపించి ఫలానా ఆయనదంటారు. భూతద్దం పెట్టి చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు. కాగితాన్ని పక్క నుంచి వెలుతురుకు పెట్టి చూడాలి, పెన్ను నొక్కిన గాడి ఉందా అని. ఈ రెండు పరీక్షలకూ నిలిచాక అసలు ప్రశ్న మొదలవుతుంది: ఎక్కడ పెట్టించుకున్నారు, ఎవరు వెళ్లారు, ఆ రోజు ఏం జరిగింది.

మన క్రికెట్‌కు అడగవలసిన కథలు తక్కువేం కాదు. మన దేశపు మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు మన తెలుగింటి మనిషే, పుట్టింది నాగపూర్‌లో అయినా. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొడితే, ఎదుటి జట్టువాళ్లే ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు. 1941లో ఆయన బొమ్మతో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటన వచ్చింది. ఒక క్రికెటర్ మన దేశంలో వస్తువుకు ప్రచారం చేయడం అదే మొదలంటారు. 1953లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టినప్పుడు కెప్టెన్ ఆయనే, అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. ఇటు హైదరాబాద్ 1937-38లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ గెలిచింది. ఐబరా అజేయంగా 137 కొట్టాడు. మళ్లీ గెలవడానికి 1986-87 దాకా పట్టింది. ఫతే మైదాన్‌లో జరిగిన టెస్టులు మూడే, మూడూ న్యూజీలాండ్‌తోనే. మొదటిదాంట్లో, 1955లో, పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో ఒక భారతీయుడి తొలి డబుల్ సెంచరీ మన హైదరాబాద్‌లో పడిందన్నమాట. ఆ రోజు బెంచీల మీద కూర్చున్నవాళ్లు కొందరైనా ఇంకా ఉండొచ్చు. వాళ్ల ఇళ్లలో ఏదో ఒక పుస్తకం మధ్య ఏదో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితానికి మాట తోడు కావాలంటే అడగడానికి ఎక్కువ వ్యవధి లేదు.

ఈ తొందర నాకు ఒక తప్పు వల్ల పట్టుకుంది. నాయిన స్నేహితుడొకాయన, సికింద్రాబాద్ జింఖానాలో ఎం.ఎల్. జైసింహ దగ్గర పెట్టించుకున్న సంతకం నాకిచ్చాడు. చిన్న కాగితం, నీలం సిరా. దాని వెనక ఆయన ఉర్దూలో రెండు వరసలు రాసుకున్నాడు. నాకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తర్వాత చదివించుకోవచ్చులే అనుకున్నాను. బొమ్మలా గోడకు పెట్టాలన్న ఆత్రంలో దాన్ని గట్టి అట్ట మీద జిగురుతో అంటించి, పైన లామినేషన్ చేయించాను. సంతకం ఇప్పటికీ కనిపిస్తుంది, కాస్త పాలిపోయినా. వెనకున్న రెండు వరసలు అట్టకు అతుక్కుపోయాయి. విడదీయబోతే పొరలు పొరలుగా ఊడుతోంది. ఏం రాశారు కాకా అని అడుగుదామని వెళ్లేసరికి ఆయన మంచంలో ఉన్నాడు, మనిషిని పోల్చుకోలేని స్థితిలో. నెల తిరగకుండానే పోయాడు. జైసింహ కాలర్ పైకెత్తి, 1960లో కలకత్తా టెస్టు అయిదు రోజులూ బ్యాటింగ్ చేసిన మనిషి. ఆయనతో మా ఊరి మనిషి ఏ పూట, ఏ మాట మాట్లాడాడో అన్నది ఆ జిగురు కిందే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఏదీ అంటించను, టేపు వేయను, మరక తుడవను. కాగితాలను బట్టర్ పేపర్ మధ్య పెట్టి, ఇనప్పెట్టెలో ఎండిన వేపాకు వేస్తాను. డాంబర్ గోలీలు వేయను, ఆ ఘాటు కాగితానికి పట్టి వదలదు. బ్యాట్లకు మాత్రం కాస్త సేవ కావాలి. ఎండిన విల్లో చెక్క బీటలు వారుతుంది, దానికి మందు అవిసె నూనె. హైదరాబాద్ స్పోర్ట్స్ దుకాణాల్లో చిన్న సీసాకు పెద్ద ధర పెడతారు. మా జహీరాబాద్ పక్క ఊళ్లలో యాసంగిలో అవిసెలు పండిస్తారు, గానుగ నూనే తెచ్చుకుంటాను. గుడ్డకు అద్ది, బ్యాట్ ముఖానికీ అంచులకూ పలచగా రాసి, పడుకోబెట్టి ఒక రాత్రి వదిలేయాలి. పిడికీ పిడి దిగే చోటికీ తగలనివ్వకూడదు, జిగురు పట్టు వదిలేస్తుంది. రాస్తుంటే వచ్చే వాసన మా అమ్మ దంచే అవిసెల పొడి వాసనే.

ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ప్రాణమైనదాని సంగతి. అది ఒక లాంగ్ నోట్‌బుక్. మా ఊరి దసరా టోర్నమెంటు స్కోరు పుస్తకం. అట్ట మీద 'దసరా' అని మాత్రం ఉంది, ఏ ఏడో లేదు. ఒక ఇంటి అటక మీద బెల్లం డబ్బా కింద దొరికింది. స్కేలుతో గీసిన గళ్లు, పేర్లకు పొడి అక్షరాలు, పరుగు లేని బంతికి చుక్క, వికెట్‌కు డబ్ల్యూ. చివరి మ్యాచిలో రెండో జట్టు ఆట మధ్యలో పద్నాలుగో ఓవరుకు మూడు చుక్కలు పడి, ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. ఎవరు గెలిచారో లేదు. పేజీ మీద అరచేయంత గోధుమరంగు మరక, దాని కింద సిరా అలుక్కుపోయింది. స్కోరు రాసేవాడు చాయ్ ఒలకబోసుకుని, విసుగొచ్చి మానేశాడనుకున్నాను.

ఆ స్కోరు రాసిన పెద్దాయన ఊళ్లోనే ఉన్నాడని ఈ సంక్రాంతికి తెలిసింది. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పుస్తకం చేతిలో పెట్టగానే అట్ట తడిమి, "నాదే" అన్నాడు. ఏ ఏడు పెద్దయ్యా అంటే, "మా పెద్దోడు పుట్టిన ఏడు" అన్నాడు. లోపల్నుంచి కోడలు లెక్క చెప్పింది, 1981. పొడి అక్షరాలు ఒక్కొక్కటే చదివి వినిపిస్తే ఒక్కొక్కరినీ ఇంటి పేరుతో సహా చెప్పాడు. నలుగురు లేరు. ఒకాయన బొంబాయిలో ఉన్నాడట. నేను పెన్సిల్‌తో విడి చీటీల మీద రాసుకుంటూ పోయాను.

చివరి పేజీకొచ్చాం. ఇక్కడ చాయ్ పడ్డట్టుంది పెద్దయ్యా, ఆ తర్వాత రాయలేదెందుకు అని అడిగాను.

అద్దాలు తీసి, పుస్తకం కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఆ మరక మీద వేలు పెట్టాడు.

"చాయ్ గాదు బిడ్డా, వాన. మూడు బంతులు పడ్డయ్, వాన షురూ అయింది. పుస్తకం అంగీల వెట్టుకొని ఉరికిన. గట్లనే తడిసింది."

మరి మర్నాడు ఆడలేదా అన్నాను.

"యాడ ఆడుతరు? గా వాన కోసమే అందరు సూస్తుండిరి. తెల్లారి రెండు టీములూ జొన్నలు ఇత్తడానికి పోయినయ్."

ఇంకో చీటీ తీసి, పద్నాలుగో ఓవరు దగ్గర పెట్టడానికి, 'వాన' అని రాశాను. ఏం రాసినవ్ అని అడిగాడు. చెప్పాను. "మంచిగ పడ్డది అని గూడ రాయి" అన్నాడు.